తప్పు ఫ్లాష్‌ది కాదు, పచ్చ గుర్తుది

ఈసారి కెమెరా శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి: కెమెరా నెత్తిమీద టక్కున లేచి నిలబడే ఆ బుల్లి ఫ్లాష్. పెళ్లిళ్ల రోజులు కదా, అర్థమైంది. మీలో చాలామంది దగ్గర ఉన్నవి కెనన్ 1500డి, నికాన్ డి3500, రెండూ 2018లో వచ్చినవే. కొందరి దగ్గర 200డి 2 ఉంది. జవాబులు వీటిని దృష్టిలో పెట్టుకునే రాశాను. మీది వేరే మోడల్ అయితే బటన్ ఉండే చోటు మారుతుంది, పద్ధతి మారదు.

ప్రశ్న: నాది కెనన్ 1500డి. పూజగదిలో దీపాలు వెలిగించి ఫొటో తీద్దామంటే ఫ్లాష్ దానంతట అదే లేస్తోంది. చేత్తో కిందికి నొక్కినా మళ్లీ లేస్తోంది. దీన్ని ఆపేదెలా? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

ఆపొచ్చండీ, కానీ ముందు దాన్ని చేత్తో అదిమి పట్టుకోవడం మానేయండి, ఆ మడత దగ్గర భాగం అంత గట్టిదేం కాదు. మీ కెమెరా డయల్ ఆకుపచ్చ ‘ఏ ప్లస్’ గుర్తు మీద ఉందని ఇక్కడ కూర్చునే చెప్పగలను. ఆ గుర్తు మీద ఉన్నంతసేపూ ఫ్లాష్ వెయ్యాలా వద్దా అన్నది కెమెరా ఇష్టం. వెలుగు కాస్త తగ్గిందనిపిస్తే చాలు, లేపేస్తుంది. డయల్‌ని ఒక్క మెట్టు తిప్పితే మెరుపు గుర్తు మీద గీత కొట్టిన బొమ్మ ఉంటుంది, అది ‘ఫ్లాష్ ఆఫ్’. అక్కడ పెడితే లేవదు. కానీ అక్కడ కూడా మిగతావన్నీ కెమెరాయే చూసుకుంటుంది, మీరు చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే నా సలహా ‘పి’ మోడ్. అందులో షట్టర్ స్పీడ్ (వెలుగు ఎంతసేపు లోపలికి రావాలన్నది), అపర్చర్ (లెన్స్ కన్నం ఎంత తెరుచుకోవాలన్నది) కెమెరాయే చూసుకుంటుంది, ఫ్లాష్ మాత్రం మెరుపు బొమ్మ ఉన్న బటన్ మీరు నొక్కితేనే లేస్తుంది. నికాన్‌లోనూ అంతే, ‘పి’లోకి వస్తే ఫ్లాష్ మీ చేతిలోకి వచ్చినట్టే.

దీపాల ఫొటోకి అసలు ఫ్లాష్ వెయ్యకూడదు. వేస్తే దీపం వెలుగు చచ్చిపోయి, కుంది మీది నూనె మరకలూ వెనక గోడ సున్నమూ స్పష్టంగా వస్తాయి. ‘పి’లో పెట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత తేలిగ్గా పట్టుకోవాలో చెప్పే అంకె) 800 చేసి, కెమెరాని చేత్తో పట్టుకోకుండా పీట మీదో స్టూలు మీదో పెట్టి, 2 సెకన్ల టైమర్ నొక్కి చెయ్యి తీసేయండి. పటాలకు అద్దం ఉంటే ఆ అద్దంలో ఫ్లాష్ తెల్లటి మచ్చలా పడే బాధ కూడా దీనితోనే తీరిపోతుంది.

ఇంకొకటి, చాలామంది దీన్నే ఫ్లాష్ పాడైందనుకుంటారు. కెనన్‌లో ఫ్లాష్ లేచి ఉన్నప్పుడు చీకట్లో షట్టర్ సగం నొక్కితే టకటకటకమని వరసగా మెరుస్తుంది. అది ఫొటో కోసం కాదు, ఫోకస్ దొరకబుచ్చుకోవడానికి. ఎదురుగా ఉన్నవాళ్లు ఫొటో అయిపోయిందనుకుని మొహం తిప్పేసుకుంటారు. మెనూలోని కస్టమ్ ఫంక్షన్లలో ‘ఏఎఫ్ అసిస్ట్ బీమ్ ఫైరింగ్’ అని ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేస్తే ఆగుతుంది. నికాన్‌లో ఈ పనికి ముందువైపు విడిగా చిన్న దీపం ఉంటుంది కాబట్టి ఈ గోల లేదు.

ప్రశ్న: చెల్లి పెళ్లికి ఫంక్షన్ హాల్లో నేనే ఫొటోలు తీశాను. ముందు కూర్చున్నవాళ్ల మొహాలు పిండి రాసినట్టు తెల్లగా, వెనక చుట్టాలందరూ చీకట్లో. హాల్లో లైట్లు బోలెడున్నాయి, మరి ఆ వెలుగంతా ఏమైంది? వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

వెలుగు ఎక్కడికీ పోలేదు, కెమెరా దాన్ని పట్టించుకోలేదు. ఫ్లాష్ వేసిన ప్రతి ఫొటోలో రెండు వెలుగులు ఉంటాయి, ఒకటి హాలుది, రెండోది ఫ్లాష్‌ది. ఈ రెంటినీ విడివిడిగా తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఇది తెలిస్తే మీ సమస్య సగం తీరినట్టే.

ముందు ఫ్లాష్ సంగతి. దాని బలాన్ని గైడ్ నంబర్‌తో చెబుతారు. 1500డిలో అది ఐఎస్ఓ 100 దగ్గర సుమారు 9.2 మీటర్లు. నికాన్ డి3500లో సుమారు 7. ఈ అంకెను అపర్చర్ అంకెతో భాగిస్తే ఫ్లాష్ ఎంతదూరం చేరుతుందో వస్తుంది. కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఈ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది). 9.2ని 5.6తో భాగించండి, ఒకటిన్నర మీటరు మీద కొంచెం. అంతే మరి! మీరు మండపం మెట్ల కింద నిలబడి జూమ్ చేసి తీస్తే ఆ వెలుగు పురోహితుడి దాకా కూడా పోదు. ఐఎస్ఓ 400 పెడితే ఆ దూరం రెట్టింపై మూడు మీటర్లు దాటుతుంది, 1600 పెడితే ఆరున్నర మీటర్లు. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో రవ్వ (గరుకు చుక్కలు) వస్తుందని భయపడి 100 దగ్గరే బిగించేసేవాళ్లున్నారు. పెళ్లి ఫొటోకి రవ్వ కంటే చీకటి పెద్ద నష్టం, 1600కి ధైర్యంగా వెళ్లండి.

దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. ముందు వరస మీకు ఒకటిన్నర మీటర్ల దూరంలో, వెనక చుట్టాలు ఆరు మీటర్లలో ఉన్నారనుకోండి, దూరం నాలుగింతలు, వెనకవాళ్లకి అందేది పదహారో వంతు. ఏ బటన్ నొక్కినా ఈ లెక్క మారదు. మార్చగలిగింది మనుషుల్ని నిలబెట్టే తీరు. గ్రూప్ ఫొటోలో నాలుగు వరసలు లోపలికి పోకుండా రెండు వరసల్లో పక్కపక్కకి సర్దండి, మీరు కాస్త వెనక్కి జరగండి. అందరి దూరమూ ఇంచుమించు సమానమైతే అందరికీ వెలుగు ఇంచుమించు సమానంగా పడుతుంది. పెద్దమ్మా, బాబాయీ కదలనంటే అది మీ తంటా.

ఇప్పుడు హాలు వెలుగు. దాన్ని నిర్ణయించడంలో షట్టర్ స్పీడ్‌కి పెద్ద వాటా. ఫ్లాష్ మెరిసేది సెకనులో సుమారు వెయ్యో వంతు సేపు, షట్టర్ 1/200 అయినా 1/30 అయినా ఫ్లాష్ వెలుగు అంతే పడుతుంది, కానీ హాలు లైట్లు మాత్రం 1/30లో ఆరింతలకు పైగా నమోదవుతాయి. కాబట్టి డయల్‌ని ‘ఎమ్’లో (షట్టర్, అపర్చర్ రెండూ మీరే పెట్టుకునే మోడ్) పెట్టండి. కంగారు పడకండి, ‘ఎమ్’లో పెట్టినా ఫ్లాష్ ఆటోగానే పనిచేస్తుంది, ఎంత వెయ్యాలో అదే కొలుచుకుంటుంది. షట్టర్ 1/60, అపర్చర్ ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600. ముందు ఫ్లాష్ మూసి ఒక ఫొటో తీసి చూడండి. హాలు కొంచెం మసకగా, కానీ ఎవరు ఎవరో తెలిసేలా రావాలి. చీకటైతే 1/40కో 1/30కో దిగండి. అది కుదిరాక ఫ్లాష్ లేపండి.

ఇక తెల్లగా పాలిపోయిన మొహాలు. దానికి మందు ఫ్లాష్ కాంపెన్సేషన్, అంటే ఫ్లాష్ బలాన్ని మీరే తగ్గించడం, పెంచడం. ఈ శీర్షికలో ఒక్కటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. 1500డిలో ‘క్యూ’ బటన్ నొక్కితే వచ్చే తెరలో మెరుపు గుర్తు పక్కన ప్లస్ మైనస్ ఉన్న బొమ్మ మీదకు వెళ్లి డయల్ తిప్పండి. డి3500లో లెన్స్ పక్కనున్న ఫ్లాష్ బటన్‌నూ షట్టర్ దగ్గరి ప్లస్ మైనస్ బటన్‌నూ కలిపి పట్టుకుని డయల్ తిప్పాలి, ఒక చేతికి అలవాటయ్యే దాకా వేళ్లు మెలిపడతాయి. మైనస్ 1తో మొదలుపెట్టండి. చర్మం రంగు చర్మంలా కనిపించేదాకా, అవసరమైతే ఇంకా తగ్గించండి. కెనన్‌లో మైనస్ 2 దాకా, నికాన్‌లో మైనస్ 3 దాకా పోవచ్చు. పాలిపోవడం ఎందుకొచ్చిందంటే, వెనక చీకటి ఎక్కువ ఉంటే కెమెరా మొత్తం తెరని చూసి ‘చాలా చీకటి’ అనుకుని ఫ్లాష్ దంచేస్తుంది, దెబ్బ దగ్గరున్న మొహానికి తగులుతుంది.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా పెళ్లిలోనే ఉంది. మధుపర్కాలు కట్టుకున్నాక తీస్తే మొహాలు నల్లబడతాయి చూడండి, ఫ్రేము నిండా తెలుపే కావడంతో కెమెరా ‘వెలుగు ఎక్కువైంది’ అనుకుని ఫ్లాష్ తగ్గిస్తుంది. అప్పుడు ప్లస్ అరో ముప్పావో పెట్టాలి. జరీ అంచు పట్టుచీర మీదా, వెనక అద్దాల అలంకరణ మీదా ఫ్లాష్ తిరిగి కొట్టినా ఇదే జరుగుతుంది. కెనన్ వాళ్లకి ఇంకో దారి ఉంది: వ్యూఫైండర్ మధ్యభాగం పెళ్లికూతురి మొహం మీద పెట్టి, వెనక బొటనవేలి దగ్గరుండే నక్షత్రం బటన్ నొక్కండి. ఫ్లాష్ ఒకసారి చిన్నగా మెరిసి ఆ మొహానికి ఎంత కావాలో కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మీకు కావలసినట్టు ఫ్రేము సర్దుకుని తీయండి. సుమారు 16 సెకన్లు ఆ కొలత నిలబడుతుంది. ముహూర్తానికి ముందు మొహాలకి తెర అడ్డం పట్టుకున్నప్పుడు మాత్రం ఇది మర్చిపోండి, జీలకర్ర బెల్లం పెట్టీ పెట్టగానే తెర తీసేస్తారు, అంత టైమ్ ఎవరూ ఇవ్వరు.

ప్రశ్న: ఇక్కడ బతుకమ్మ ఆడుతున్నప్పుడు సాయంత్రం ‘ఏవీ’ మోడ్‌లో ఫ్లాష్ వేసి తీస్తే ఒక్కొక్కరు ఇద్దరిద్దరుగా వచ్చారు, ఒకటి స్పష్టంగా, ఇంకొకటి దయ్యంలా. ఆటోలో తీస్తే మనుషులు బాగున్నారు కానీ చుట్టూ కాటుక చీకటి. (డాలస్ నుంచి ఒక పాఠకుడు, కెమెరా రెబెల్ టీ7)

మీ రెబెల్ టీ7, ఇక్కడి 1500డి ఒకటే, అమ్మే పేరు వేరు. కెనన్ ‘ఏవీ’లో (అపర్చర్ మీరు పెడితే షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకునే మోడ్) ఒక పద్ధతి ఉంది, ఫ్లాష్ లేపినా సరే వెనక వెలుగు కూడా రావాలని షట్టర్‌ని బాగా నెమ్మదిస్తుంది, చీకటి ముదిరితే సెకను దాకా కూడా పోతుంది. ఫ్లాష్ మెరిసిన క్షణంలో మనిషి గడ్డకట్టినట్టు స్పష్టంగా పడతారు, ఆ తర్వాత కూడా షట్టర్ తెరిచే ఉంది కాబట్టి ఆవిడ చప్పట్లు కొడుతూ ముందుకు వేసిన అడుగు మసకగా పడుతుంది. అదే మీ దయ్యం. మెనూలో ‘ఫ్లాష్ సింక్ స్పీడ్ ఇన్ ఏవీ మోడ్’ అని వెతకండి. మూడు ఎంపికలుంటాయి. ఆటో అంటే ఇప్పుడు మీరు పడుతున్న బాధ. 1/200 ఫిక్స్ అంటే మళ్లీ కాటుక చీకటి. మధ్యలో ఉన్న 1/200 నుంచి 1/60 ఆటో మీకు సరిపోతుంది, ఐఎస్ఓ 1600 పెడితే పార్కులో దీపాలూ వెనక జనమూ కొంచెమైనా కనిపిస్తారు. ఆడటం ఆపి బతుకమ్మ పక్కన నిలబడి ఫొటో దిగుతామంటే అప్పుడు ‘ఎమ్’లో 1/15 దాకా దిగొచ్చు, ‘కదలకండి’ అని ఒక్క మాట అంటే చాలు. పూలరంగులు కావాలంటే ఫ్లాష్ మైనస్ 1 చేయండి, లేకపోతే తంగేడు పూలు కాగితం పూలలా పాలిపోతాయి.

నికాన్‌లో వ్యవహారం తలకిందులు. అక్కడ ‘ఏ’ మోడ్‌లో (కెనన్ ‘ఏవీ’ లాంటిదే) ఫ్లాష్ వేస్తే మామూలుగా షట్టర్ 1/60 కంటే కిందికి దిగదు, వెనక చీకటి ఖాయం. వెనక వెలుగు కావాలనుకుంటే ఫ్లాష్ బటన్ పట్టుకుని డయల్ తిప్పి ‘స్లో’ అని రాసి ఉన్నది ఎంచుకోవాలి.

ప్రశ్న: అందరికీ కళ్లు ఎర్రగా వస్తున్నాయి. కెమెరాలో రెడ్ ఐ రిడక్షన్ పెట్టినా పూర్తిగా పోవట్లేదు. (కర్నూలు)

ఫ్లాష్ లెన్స్‌కి మరీ దగ్గరగా ఉండటం వల్ల వెలుగు కంటిపాపలోంచి నేరుగా లోపలికి పోయి, రెటీనా మీది రక్తనాళాల ఎరుపుతో లెన్స్‌లోకి తిరిగి వస్తుంది. రిడక్షన్ పెడితే ముందు ఒక దీపం వెలిగి కంటిపాపని చిన్నది చేస్తుంది. కానీ చూస్తున్నవాళ్లు ఆ దీపం వైపు చూస్తేనే పనిచేస్తుంది, ఫొటో పడటానికి సెకను పైగా ఆలస్యం కూడా, పిల్లలు ఆ లోపల పారిపోతారు. గదిలో ట్యూబ్‌లైట్లన్నీ వేసేయండి, కంటిపాపలు వాటంతట అవే చిన్నవవుతాయి. జూమ్ చేసి దూరం నుంచి తీయకుండా దగ్గరికి వెళ్లండి. కళ్లజోడు ఉన్నవాళ్లని గడ్డం కొంచెం దించమనండి, అద్దంలో మెరుపు పోతుంది.

ప్రశ్న: మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఫ్లాష్ వెయ్యాలని ఒకాయన చెప్పారు. నిజమేనా, లేక ఆటపట్టించారా? (శ్రీకాకుళం)

నిజమే చెప్పారు, కానీ సగమే చెప్పారు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. చిన్నగా ఫ్లాష్ వేస్తే అవి తేలికపడతాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఫ్లాష్ లేచి ఉన్నప్పుడు ఈ కెమెరాల షట్టర్ 1/200 దాటదు. ఐఎస్ఓ 100 పెట్టినా ఆ ఎండకి అపర్చర్ ఎఫ్ 11 దాకా మూసుకోవాలి, అప్పుడు 9.2ని 11తో భాగిస్తే ఒక మీటరు కూడా రాదు. నీడని పూర్తిగా పోగొట్టకుండా కొంచెం తేలిక చేస్తే చాలు కాబట్టి ఆచరణలో మీటరున్నర దూరం దాకా పనికొస్తుంది. బీచ్‌లో పది అడుగుల అవతల నిలబడ్డవాళ్లకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. వరండాలో, చెట్టు నీడలో నిలబెట్టి వెనక ఎండ వచ్చేలా తీసేటప్పుడు వేసి చూడండి, ఫ్లాష్ మైనస్ 1లో పెట్టి. అక్కడ ఫలితం బాగుంటుంది.

ప్రశ్న: బారసాలకి పాపని ఫ్లాష్‌తో తీయొద్దని అత్తయ్య గొడవ. కళ్లకి నిజంగా ప్రమాదమా? (హైదరాబాద్)

అత్తయ్య మాట వినండి, ఫొటోకి కూడా అదే మంచిది. పసిపిల్లల్ని తీసేటప్పుడు ఫ్లాష్ మీటరు కంటే దగ్గర ఉండకూడదని నికాన్ తన మాన్యువల్‌లోనే రాసింది. ఉయ్యాలని కిటికీ పక్కకి జరపండి, ఫ్లాష్ ఆపేయండి, ఐఎస్ఓ 800 పెట్టండి.

ప్రశ్న: ఫ్లాష్ మీద టిష్యూ పేపర్ అంటిస్తే వెలుగు మెత్తబడుతుందట కదా? లేక రెండు మూడు వేలు పెట్టి పైన తగిలించే ఫ్లాష్ కొనుక్కోవడమే మేలా? (వరంగల్)

టిష్యూ అంటిస్తే వెలుగు తగ్గుతుంది, మెత్తబడటం తక్కువ. వెలుగు మెత్తబడాలంటే అది వచ్చే చోటు పెద్దదవ్వాలి, అంటించిన కాగితం ఫ్లాష్ అంతే ఉంటే నీడల అంచు అంత గట్టిగానే ఉంటుంది. పైగా కెమెరా ఆ తగ్గిన వెలుగుని కొలిచి ఇంకా గట్టిగా కొడుతుంది, బ్యాటరీ ఖర్చు తప్ప లాభం లేదు. తగ్గించడమే కావాలంటే కాంపెన్సేషన్ ఉంది కదా.

పైన తగిలించే ఫ్లాష్ మంచి ఆలోచనే, తల పైకి తిరిగేది చూసుకోండి. దాన్ని తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొడితే సీలింగ్ మొత్తం వెలుగవుతుంది, అదీ అసలైన మెత్తదనం. పచ్చ రంగో గులాబీ రంగో వేసిన సీలింగ్ అయితే మొహాలకీ అదే రంగు వస్తుంది, జాగ్రత్త. కొనేముందు ఒక్క విషయం చూడండి. చవక ఫ్లాష్‌లు చాలావరకు హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి) మధ్యలో ఉండే పెద్ద చుక్క లాంటి కాంటాక్ట్ ద్వారానే మెరుస్తాయి. కెనన్ 200డి 2లో ఆ చుక్క లేదు, తీసేశారు. అలాంటి బాడీ మీద సింగిల్ పిన్ ఫ్లాష్ బిగిస్తే నెత్తి మీద బరువే గానీ మెరవదు. మీ కెమెరా హాట్ షూ వైపు ఒకసారి తొంగిచూసి, దుకాణంలో మీ కెమెరాకే తగిలించి మెరిపించి చూశాకే డబ్బులివ్వండి.

ప్రశ్న: పుట్టినరోజు కేక్ కోస్తుంటే వరసగా తీశాను. మొదటిది బాగుంది, తర్వాత షట్టర్ నొక్కితే పడట్లేదు, ‘బిజీ’ అని వస్తోంది. ఫ్లాష్ పోయిందా? (రాజమండ్రి)

పోలేదు, ఊపిరి తీసుకుంటోంది. ఒకసారి పూర్తి బలంతో మెరిశాక మళ్లీ చార్జ్ కావడానికి దానికి కొన్ని సెకన్లు కావాలి. గబగబా చాలాసార్లు మెరిపిస్తే వేడెక్కకుండా కాసేపు ఆగిపోతుంది కూడా. ఐఎస్ఓ పెంచితే ఫ్లాష్ తక్కువ బలంతో సరిపెట్టుకుంటుంది, త్వరగా తయారవుతుంది. కొవ్వొత్తులు ఊదేటప్పుడు మాత్రం ఫ్లాష్ మూసేసి తీయండి, ఊదాక చప్పట్ల దగ్గర లేపండి.

ప్రశ్న: ఫ్లాష్ వేస్తే ఫొటో కింది అంచున అర్ధచంద్రంలా నల్లటి నీడ వస్తోంది. లెన్స్ పాడైందా? (నెల్లూరు)

లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి హుడ్ ఉంటే తీసేయండి. అయినా వస్తుంటే ఒక అడుగు వెనక్కి వెళ్లి, 18 దగ్గర కాకుండా 30 దాకా జూమ్ చేసి తీయండి. ఆ నీడ లెన్స్ గొట్టానిదే, పొడుగ్గా ఉన్న లెన్స్ ఫ్లాష్‌కి అడ్డం వస్తోంది. లెన్స్ బాగానే ఉంది, రిపేరు షాపుకి తీసుకెళ్లొద్దు.